అరవై నాలుగు

మా ఇంట్లో బంగాళదుంపలు కడిగే జల్లెడ
నెత్తికి పెట్టుకునేంత లోతు.
అడుగంతా చిల్లులు, వరుస తప్పకుండా.
చెవులుండాల్సిన చోట
రెండు పిడులు అతికించారు.

బోడె ఏటి ఒడ్డున, టాలే ఊళ్ళో
అప్పట్లో చాలా ఇళ్ళలో ఇలాంటిది ఉండేది.
మిగిలిపోయిన సరుకు.
యుద్ధం ఓడిపోయాక ఊరి ఫ్యాక్టరీ
హెల్మెట్లు మానేసి వంటింటి సామాను మొదలెట్టింది.
అవే ప్రెస్సులు, అవే ఆడవాళ్ళు.

అమ్మమ్మ ఒట్టీలియ అక్కడే పనిచేసింది.
ఎర్రగా కాలిన రేకు గుండ్రంగా ఎలా దిగుతుందో
అట్టు తిరగేసినంత మామూలుగా చెప్పేది.
ఆమె వంతు చివర్లో:
లోపల, చెవి పక్కన, అంకె కొట్టడం.
అరవై రెండు, అరవై నాలుగు, అరవై ఆరు.
తలరాత దేవుడు రాస్తాడంటారు.
మా ఊళ్ళో ఆమె రాసింది, సుత్తితో.

వాళ్ళ నాన్న గోట్లీబ్ మొదటి యుద్ధానికి
తోలు టోపీతో వెళ్ళాడట.
ఉడకబెట్టి బిగించిన తోలు, పైన ఇత్తడి ముల్లు.
పెళ్ళికొడుకులా ఉన్నాడంది వీధంతా.
వానకు తోలు మెత్తబడింది.
కందకంలోంచి మనిషికన్నా ముందు ముల్లు కనబడుతోందని
ఊడదీసి దాచుకోమన్నారు.
రెండేళ్ళకు ఉక్కుది ఇచ్చారు,
కణతల దగ్గర పొట్టి కొమ్ములతో.
కొమ్ములు గాలాడ్డానికి,
కావాలంటే వాటికి ఇంకో ఉక్కు పలక తగిలించి
నుదుటికి అడ్డం పెట్టుకోవచ్చు.
"మెడ నిలిస్తే కదా" అనేవాడట ముసలాయన,
మిగిలిన ఒక్క చెవినీ మనవైపు తిప్పి.

నలభై రెండులో అంచు మడవడం మానేశారు.
పదునుగా అలాగే వదిలేస్తే
ఒక్కోదానికి కాస్త సమయం మిగులుతుందట.
ఆ సమయమంతా ఎవరి ఖాతాలో చేరిందో గానీ
అమ్మమ్మ బొటనవేలికి గాటు మిగిలింది.
నాకు బుద్ధి తెలిసేనాటికి కూడా
ఆ వేలితోనే పిండి నొక్కి చూసేది.

ఏవాల్ట్ మామయ్య తల ఆమెకు కొట్టినపిండి.
ఉన్ని టోపీ అల్లడానికి టేపు చుడితే యాభై ఏడు.
యాభై ఏడుకు అరవై నాలుగు పడుతుంది,
లోపల తోలు పట్టీకి చోటు వదలాలి కాబట్టి.
అందుకని ఆ అంకె వచ్చినప్పుడల్లా
ఒక్క క్షణం ఎక్కువ పట్టుకునేదట,
అంచు చుట్టూ గుడ్డతో తుడిచేదట.
మేస్త్రీ కసిరినా మానలేదు.
రోజుకు అలాంటివి ఎన్ని వచ్చేవని అడిగాను.
"అన్నీ వాడివే" అంది.

మామయ్య రాలేదు.
ఉత్తరం వచ్చింది,
అందులో ఊరి పేరు తప్పు.

జల్లెడ కొన్నరోజు
అంగట్లో ఉన్నవన్నీ తిరగేసి,
రంగు కింద అంకె వేలితో తడిమి
ఇది తెచ్చుకుందని అమ్మ చెప్పింది.
అమ్మ ఆ మాట ఒక్కసారే చెప్పింది.

ఆరేళ్ళప్పుడు నేను దీన్ని నెత్తిన పెట్టుకుని
గరిటె భుజానేసుకుని
వంటింట్లోంచి మెట్లదాకా కవాతు చేశాను.
చెంప పగిలింది.
జీవితంలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.
ఏడుపు తగ్గాక స్టూలు మీద కూర్చోబెట్టి
డ్రాయర్లోంచి టేపు తీసి నా తల చుట్టూ చుట్టింది.
వేలు పెట్టి అంకె చూసింది.
ఎంతో చెప్పలేదు.
టేపు చుట్టేసి, నూడుల్స్ వార్చింది.

మొన్న ఒకాయన వచ్చాడు,
పాత యుద్ధసామాను కొంటాడట, మర్యాదస్తుడే.
చిల్లులు పొడవకపోతే ఎంతో పలికేదని
నిజంగానే బాధపడ్డాడు.
"నీళ్ళు కూడా నిలవవు పాపం."
"నిలవకూడదనే కొన్నాం" అన్నాను.
అయినా వంగి, టార్చి వేసి,
లోపల సైజు వెతుకుతున్నాడు.

బుట్టెడు దుంపలు తెచ్చి
దాంట్లో కుమ్మరించాను,
మట్టితో సహా.